గడువు తీరిన తలుపు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే పెద్ద రోడ్డు దిగి, రెండు మందుల ఫ్యాక్టరీల ప్రహరీల మధ్యగా లోపలికి పోతే ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఒకప్పుడు అందులో సీటు కోసం రికమెండేషన్లు పట్టుకొచ్చేవాళ్లు. ఇప్పుడు సగం గదులకు తాళాలే. ఆ తాళాల మధ్య, రెండో అంతస్తులో చివరి గదిలో కూర్చుని కాలేజీ కంప్యూటర్లన్నీ చూసుకునే మనిషి పేరు ధనలక్ష్మి. నలభై దాటాయి. కాలేజీ పెట్టిన కొత్తలో ల్యాబు అసిస్టెంటుగా చేరింది, ఇప్పుడు సిస్టమ్స్ ఇన్‌ఛార్జి.

ఆమెను ఎవరన్నా పిలిచారంటే ఏదో చెడిపోయిందని అర్థం. ప్రింటర్ కాగితం లాగడం లేదు, నెట్ రావడం లేదు, ప్రొజెక్టర్ నీలం రంగు తప్ప ఇంకేం చూపించడం లేదు. పోయి బాగు చేస్తే థాంక్స్ మేడం అంటారు, అంతే సంగతి. అన్నీ సవ్యంగా నడుస్తున్న రోజున ఆమె గదిలో ఉందో, సెలవులో ఉందో ఒక్కరికీ పట్టదు. పాపం వాళ్లనీ అనడానికి లేదు. ఆమె కూడా పలకరిస్తే పలకడమే గానీ, తనంతట తానుగా ఒక మాట కలిపే రకం కాదు.

ఇల్లు పటాన్‌చెరు మార్కెట్ వెనక సందులో, మేడ మీద ఒక గదీ వంటిల్లూ. కిరాయికే. పక్క పోర్షన్లలో ఒడిశా, బీహార్ల నుంచి వచ్చిన పనివాళ్లు ఉంటారు. బొల్లారం కంపెనీల్లో షిఫ్టులు వాళ్లకి. ఆమె లేచే వేళకు వాళ్లు పడుకుంటారు, ఆమె షేర్ ఆటో దిగి వచ్చేసరికి వాళ్ల తలుపులకు తాళాలుంటాయి. తల్లి మొగులమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో తిట్లన్నా వినపడేవి. ఆమె పోయి మూడేళ్లయింది. తమ్ముడు జోగిపేటలో పెళ్లాం పిల్లలతో ఉంటాడు, దసరాకు రమ్మంటాడు, ఈమె పోతుంది, మర్నాడు వచ్చేస్తుంది.

పెళ్లెందుకు కాలేదంటారా? సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్లు మిక్చరు తిన్నారు, చాయ తాగారు, పిల్లను ఎగాదిగా చూశారు, ఇంటికి పోయి కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇప్పటిదాకా రాలేదు. మొదట్లో మొగులమ్మ మధ్యవర్తి ఇంటికి పోయి ఏమన్నారో అడిగి వచ్చేది. ఒకసారి అలా అడగబోయి, వాళ్ల చేత నాలుగు మాటలు పడి, దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇల్లు చేరింది. ధనలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. “ఇగ ఎవ్వర్నీ అడగకు అమ్మా. పోయినోళ్లను ఎందుకు పోయిండ్రని అడుగుడేంది?” అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరినీ ఏదీ అడగడం లేదు. ఎవరన్నా రావడం మానేస్తే మానేశారు. అదే అలవాటు మనసులో గట్టిపడిపోయింది.

ఇంత చెప్పి ఆమెకు బతుకులో ఏ ముచ్చటా లేదంటే తప్పవుతుంది. ఒకటుంది. చివరి గదికి ఆనుకుని ఇంకో చిన్న గది, అందులో ఒక ఏసీ, దాని ముందు హోరుమని చప్పుడు చేస్తూ నిలబడ్డ ఒక పాత సర్వర్. దాన్ని మిర్రర్ అంటారు. డబ్బు పెట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కడో జర్మనీలోనో, ఇంకెక్కడో పెద్ద సర్వర్లలో ఉంటుంది. లోకమంతా అక్కడికే పోతే తొక్కిసలాట. అందుకని కొందరు దాని నకలు రోజూ తెచ్చుకుని తమ దగ్గర పెట్టి, ఈ దిక్కు వాళ్లంతా ఇక్కడ తీసుకోండి అంటారు. రేషన్ డిపో అనుకోండి. సరుకు పైనుంచి వస్తుంది, పంచేది ఇక్కడ. తీసుకునేవాళ్లు ఊరూ పేరూ చెప్పనక్కర లేదు, పైసా ఇవ్వనక్కర లేదు.

దీన్ని మొదలుపెట్టింది సృజన అనే లెక్చరర్. చురుకైన పిల్ల, నోరు మూతపడేది కాదు. యాజమాన్యాన్ని ఒప్పించి దానికోసం ఇంటర్నెట్ లైన్ వేయించింది, ధనలక్ష్మికి పని నేర్పింది, ఇద్దరూ మధ్యాహ్నం ఆ ఏసీ గది గుమ్మంలో కూర్చుని టిఫిన్లు మార్చుకుని తినేవాళ్లు. మిర్రర్ పేజీ అడుగున ల్యాబు ఫోన్ నంబరు పెట్టి, ఇబ్బంది ఉంటే చెప్పండి అని రాసింది కూడా సృజనే. తర్వాత ఆ పిల్లకు పుణెలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లు రోజూ ఫోన్లు, కొన్నాళ్లు పండగ మెసేజ్‌లు, ఆ తర్వాత అవీ లేవు. ధనలక్ష్మి ఎందుకని అడగలేదు. మిర్రర్ మాత్రం ఆమె చేతికి మిగిలింది.

పొద్దున రాగానే చెప్పులు విడిచి ఆ గదిలోకి పోతుంది. దుమ్ము తుడుస్తుంది. నిన్న ఎంతమంది వచ్చి ఏమేం తీసుకుపోయారో సర్వర్ ఒక రిపోర్టు తీసి పెడుతుంది, దాని చివర మొత్తం అంకె ఉంటుంది. ఆ అంకె చూశాకే ఆమెకు చాయ తాగబుద్ధవుతుంది. వేలల్లో ఉండేది. అందులో మనుషులెందరో, వాటంతట అవి తిరిగే మిషన్లెన్నో తెలియదు. పేజీ మీద నంబరున్నా ఇన్నేళ్లలో ఒక్కరూ ఫోన్ చేయలేదు. అయినా సరే, పెద్ద ఇంట్లో ఎవరెవరో వచ్చిపోతున్న అలికిడి వినపడుతున్నట్టు ఆమెకు ధైర్యంగా ఉండేది.

ఇక దసరా సంగతి. దసరా, గాంధీ జయంతి ఒక్కరోజే వచ్చి, మాంసం దుకాణాలు మూతపడి, తెలంగాణ అంతా లోలోపల సణుక్కున్న ఏడాది అది. ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఆయుధపూజ ఎంత గట్టిగా చేస్తారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. లేత్ మిషన్ నుంచి బాయిలర్ దాకా అన్నిటికీ స్నానం, బొట్టు, బంతిపూల దండ. ఆ పూట పనిముట్టును పనిలో పెట్టకూడదు. మిగతా చోట్ల కంప్యూటర్ల వాళ్లు సర్వర్‌ను నడుస్తుండగానే బొట్టు పెట్టి చేతులు దులుపుకుంటారు. ధనలక్ష్మి దానికి ఒప్పుకోదు. నడుస్తున్నదానికి పూజ చేస్తే అది పూజెట్లయితదని ఆమె వాదన. ఏడాదంతా ఒక్క నిమిషం ఆపని సర్వర్‌ను ఆ పండక్కి మాత్రం మెయిన్ దాకా కట్టేయిస్తుంది. కాలేజీ ఎలక్ట్రీషియన్ యాదన్న వచ్చి స్విచ్ దించి, గుమ్మడికాయ కొట్టి, పసుపు కుంకుమలు చల్లి పోతాడు.

పండగ మర్నాడు కాలేజీకి ఇంకా సెలవులే. కానీ మిర్రర్ మూసి ఉంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారని ఆమెకు ఒకటే ఆరాటం. జోగిపేటలో తెల్లవారుజామునే బస్సెక్కి, తమ్ముడి పెళ్లాం కట్టిచ్చిన సకినాలు సంచిలో పెట్టుకుని, నేరుగా కాలేజీకి వచ్చింది. వాచ్‌మన్ తప్ప పిట్ట లేదు. సర్వర్ మీద రెండు జమ్మి ఆకులు పెట్టి స్విచ్ వేసింది. లోపల గడియారాన్ని నడిపే బటన్ బ్యాటరీ పోయిన దసరా తర్వాత ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ లోటు బయటపడలేదు. ఇప్పుడు మిషన్ ఆగి, నల్ల తెర చూపించి, తేదీ చెప్పమంది. ధనలక్ష్మి మనం ఒకటో తరగతి నుంచి రాస్తున్నట్టే రాసింది, ముందు రోజు, తర్వాత నెల. మూడు, పది. ఆ మిషన్‌కు నెల ముందు చెప్పాలి. అక్టోబర్ మూడును అది మార్చి పదిగా తీసుకుని, మారు మాట్లాడకుండా నడవడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే బయటి సర్వర్లను అడిగి టైము సరిచేసుకోవాలి. ఎండాకాలంలో కాలేజీ వాళ్లు బయటివాళ్లు చొరబడకుండా కొత్త ఫైర్‌వాల్ పెట్టినప్పుడు ఆ దారి మూసుకుపోయిందని ఎవరికీ తెలియదు. ఆమె సకినాలు నాలుగు తిని, తాళం వేసి, ఇంటికి పోయింది.

అసలు చిక్కు ఎక్కడంటే, ఇలాంటి సర్వర్‌కు ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఇది ఫలానా సర్వరే, మధ్యలో ఏ దొంగా దూరలేదు అని బయటి సంస్థ ఒకటి పూచీ పడుతుంది. ఆ పూచీకి మూడు నెలల గడువు. గడువు దగ్గర పడగానే సర్వర్ తనంతట తానే పోయి కొత్తది తెచ్చుకుంటుంది. ఇది మార్చి నెలలో కూర్చున్న సర్వర్ కదా! నవంబర్‌లో తీరే గడువుకు ఇంకా బోలెడు రోజులున్నాయనుకుని నిమ్మళంగా ఉండిపోయింది. బయటి లోకంలో గడువు తీరింది. తీరిన క్షణం నుంచి ఆ మిర్రర్‌కు వచ్చిన ప్రతి కంప్యూటరూ తన యజమానికి ఎర్ర అక్షరాలతో హెచ్చరిక చూపించి, ఇది నమ్మదగ్గ చోటు కాదు, వెనక్కి పోదాం అంటోంది. ధనలక్ష్మికి ఆ ఎరుపు కనపడలేదు. ఆమె ఎప్పుడూ కాలేజీ లోపలి అడ్రసుతోనే మిర్రర్‌లోకి పోతుంది, లోపలి దారికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

కార్తీకం చివరలో ఒక పొద్దున రిపోర్టు తెరిస్తే అంకె వందల్లోకి పడి ఉంది. మర్నాడు ఇంకా తగ్గింది. ఆ మర్నాడు పదుల్లో. ఆమె కుర్చీలో కూర్చుని ఆ అంకెను చాలాసేపు చూసింది. వేరే ఎవరైనా అయితే గుండె గుభేలుమని, ఏదో చెడిందని పరుగెత్తి వైరూ కేబులూ పట్టి చూసేవాళ్లు. కాలేజీలో ఎవరి ప్రింటర్ ఆగినా పరుగెత్తే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి చెడిందనుకోలేదు. రావడం మానేశారనుకుంది. ఇప్పుడు అందరికీ పెద్ద కంపెనీల మిర్రర్లున్నాయి, ఫాస్టుగా ఉంటాయి, ఈ పాత దాని దగ్గరికి ఎవరొస్తారులే అనుకుంది. ఆ రిపోర్టు నెత్తిన ఏప్రిల్ నెల తేదీ కొట్టొచ్చినట్టు ఉంది. ఆమె కళ్లు రోజూ పేజీ అడుగుకే పోయేవి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తల పైకెత్తి చూసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది! ఆ రోజు చాయ తాగలేదు. బాధగానే ఉంది, చాలా బాధగా ఉంది, కానీ కొత్తగా లేదు.

సరిగ్గా ఆ వారంలోనే కాలేజీ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ సూర్యారావు గారు ఆమెను పిలిచారు. ఆయనది కాకినాడ వైపు, నలభై ఏళ్ల కింద ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఈ కాలేజీలో చేరారు. చెడ్డవాడేం కాదు. పై అంతస్తు గదులు స్కిల్ ట్రైనింగ్ సెంటర్‌కు ఇస్తున్నారనీ, ఆ ఏసీ గది కూడా అడుగుతున్నారనీ, మిర్రర్ కోసం తీసుకున్న లైన్ కూడా దండగ అంటున్నారనీ చెప్పారు. తర్వాత కళ్లద్దాలు తీసి అడిగారు.

“ఉన్నమాట చెప్పమ్మా. దాన్ని ఎవరన్నా వాడుతున్నారా? వాడుతున్నారంటే నేను చైర్మన్ గారితో మాట్లాడతాను.”

ధనలక్ష్మి గోడ వైపు చూసింది. పొద్దున చూసిన అంకె పద్నాలుగు.

“ఎవరూ లేరు సార్,” అంది.

ఎవరూ బలవంతపెట్టలేదు, బెదిరించలేదు. తన నోటితో తానే అంది. ఆయన నోట్ రాసి పంపారు, పై నుంచి సరేనని వచ్చింది. డిసెంబర్ చివర లైన్ తీసేస్తారు, గది ఖాళీ చేయాలి, సర్వర్ పాత సామాన్ల వేలానికి పోతుంది. ఆ సాయంత్రం ఆమె షేర్ ఆటో కోసం నిలబడింది. బొల్లారం వైపు నుంచి గాలి తిరిగి, ఆ ఘాటైన మందు వాసనకు పక్కనున్నవాళ్లంతా కొంగులూ కర్చీఫులూ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఈమెకు ఆ ధ్యాస కూడా లేదు.

డిసెంబర్ మొదటి వారంలో, భోజనాల వేళ, ల్యాబులో ల్యాండ్‌లైన్ మోగింది. ప్రిన్సిపల్ గది నుంచేమో, మళ్లీ ప్రింటరేమో అనుకుని ఎత్తింది. ఎవరో మగమనిషి. వెనక ఏదో పెద్ద మిషన్ తిరుగుతున్న చప్పుడు. మిర్రర్ వాళ్లేనా అని అడిగాడు. అవునంది.

“మీ సర్టిఫికెట్ గడువు అయిపోయి పదిహేను రోజులు దాటింది మేడం. ఎవరన్న చెప్పిండ్రా లేదా?”

అతని పేరు చిన్నరాములు. గుమ్మడిదల దిక్కున నాలుగైదు చిన్న ఫార్మా కంపెనీల్లో కంప్యూటర్లు చూస్తాడు. వరసగా తాను పడ్డ తిప్పలన్నీ చెప్పుకొచ్చాడు. ఎర్ర అక్షరాలు రాగానే ముందు తన కంప్యూటర్‌లో తేదీ తప్పుందేమో చూశాడు, సరిగానే ఉంది. కంపెనీ ఫైర్‌వాల్ మధ్యలో దూరి తన సర్టిఫికెట్ చూపిస్తోందేమోనని ఫోన్ నెట్ పెట్టి చూశాడు, అదే ఎరుపు. పాత మిషన్ గనుక దానికి కొత్త పూచీదార్ల పేర్లు తెలియవేమోనని అవీ తాజా చేశాడు, లాభం లేదు. చివరికి ఆ సర్టిఫికెట్‌నే తెరిచి చూస్తే దాని మీదే రాసుంది, గడువు నవంబర్‌లో పోయిందని. సర్టిఫికెట్ చూడకుండానే దింపుకొమ్మని ఒక ఆప్షన్ ఉంది, నెట్‌లో ఎవర్ని అడిగినా ముందు అదే చెప్తారు. అతను ఆ పని చేయలేదు.

“సీలు తెగిన డ్రమ్ము వస్తే మా దగ్గర గేటు లోపటికి గూడ రానియ్యరు మేడం. గట్లాంటిది మిషన్లకు ఎట్ల ఎక్కిస్త? ఇప్పుడు సింగపూర్ మిర్రర్ల కెల్లి తీస్కుంటున్న. పొద్దంత పడ్తది.”

వేరే చోట దొరుకుతుంటే ఇక తనకెందుకు ఫోన్ చేశాడని ధనలక్ష్మి అడిగింది. ఆమె నోట్లోంచి అలాంటి ప్రశ్న వచ్చి ఎన్నేళ్లయిందో.

“నాలుగేండ్ల సంది రోజు మీ దగ్గరికే వస్తున్న. రోజు వచ్చే తలుపు బందయితే, లోపటోళ్లకు ఏమైందో అనిపియ్యదా? నిజం చెప్పాల్నంటే, ఆడ ఒక మనిషి ఉన్నదని నాకు ఇయ్యాల్నే తెలిసింది. అదంతల అదే నడుస్తదనుకున్న.”

ఫోన్ పెట్టేసి ఆమె సెల్‌ఫోన్ తీసింది. కాలేజీ వైఫై ఆపి, సొంత డేటా పెట్టి, మొదటిసారి బయటివాళ్లు వచ్చే దారిన తన మిర్రర్‌కు తాను వెళ్లింది. తెర నిండా ఎరుపు. అప్పుడు గదిలోకి పరుగెత్తింది. సర్వర్ ముందు కూర్చుని సర్టిఫికెట్ అడిగితే అది ధీమాగా చెప్పింది, నవంబర్ దాకా ఉంది, తొందరేం లేదని. నీకు ఈ రోజు ఏ తేదీ అని అడిగింది. మే నెల అంది. ధనలక్ష్మికి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. పండగ మర్నాడు ఖాళీ కాలేజీలో తాను కొట్టిన మూడు, పది కళ్ల ముందు కదిలాయి.

తేదీ సరిచేసింది. బ్యాటరీ కొనుక్కొచ్చి మార్చింది. ఫైర్‌వాల్‌లో టైము దారి తెరిపించింది. కొత్త సర్టిఫికెట్ తెమ్మని సర్వర్‌కు చెప్తే అది చిటికెలో తెచ్చుకుంది. సెల్‌ఫోన్‌లో ఎరుపు పోయి మామూలు పేజీ వచ్చింది. అంతా కలిపి ఒక మధ్యాహ్నం పని, ముందే చూసుకుంటే ఒక చాయ తాగేంత పని.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఆమె అనుకోనిది. వచ్చేవాళ్లు అప్పటికప్పుడు ఎలా కనపడతారో చూద్దామని తెర తెరిచి పెట్టుకుంది. ఎవరో ఒకరు వచ్చినట్టు ఒక వరస పడింది. దాని వెనక ఇంకోటి. పది, ఇరవై, తర్వాత లెక్కపెట్టలేనన్ని. తలుపు తెరిచారని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అంటే వాళ్లు వెళ్లిపోలేదు. ఇన్ని రోజులూ వస్తూనే ఉన్నారు. వచ్చి, ఎర్ర అక్షరాలు చూసి, ఒక్క మాట అనకుండా తిరిగి పోతూ, మర్నాడు మళ్లీ వచ్చి చూస్తూ ఉన్నారు. తను లోపల కూర్చుని ఎవరూ లేరనుకుంది. ధనలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఏడుపు తగ్గాక సృజనకు ఫోన్ చేద్దామని నంబరు తీసింది. చూసి, మళ్లీ పెట్టేసింది. అంత తొందరగా మనుషులు మారరు.

కానీ సూర్యారావు గారి గదికి మాత్రం పోయింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆయన బల్ల ముందు నిలబడి అడిగింది. తప్పు తనదేననీ, తేదీ తాను తప్పు కొట్టాననీ, జనం ఉన్నారనీ, చాలామంది ఉన్నారనీ చెప్పింది. ఎవరమ్మా వాళ్లు, పేర్లేమన్నా చెప్పగలవా అన్నారాయన. ఆమెకు తెలిసిన పేరు ఒక్కటే, చిన్నరాములు. ఆయన ఆ ఒక్క పేరుతోనే చైర్మన్‌కు ఫోన్ కలిపారు, ఆమె ఎదుటే మాట్లాడారు, గట్టిగానే మాట్లాడారు. ట్రైనింగ్ సెంటర్‌తో కాగితాలు అయిపోయాయి, లైన్ రద్దుకు రాసి పంపేశారు, ఇక వెనక్కి తీసుకోవడం కుదరదని అటు నుంచి జవాబు. ఫోన్ పెట్టేసి ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“అడిగిన రోజున ఒక్కరున్నారని చెప్పినా ఆపేవాణ్ణమ్మా. ఎవరూ లేరని నువ్వే కదా అన్నావు.”

ఆయన ఆ మాట కోపంతో అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

పేజీ మీద ఒక నోటీసు పెట్టింది, డిసెంబర్ చివర ఈ మిర్రర్ మూసేస్తున్నాం, మన్నించండి అని, కింద తన మెయిల్ అడ్రసుతో. రెండు రోజుల్లో మెయిళ్లు రావడం మొదలైంది. ఇన్నేళ్లుగా ఒక్క ముక్క రాయని వాళ్లంతా ఇప్పుడు రాశారు. జహీరాబాద్‌లో డీటీపీ షాపతను, సిద్దిపేట దగ్గర ఒక ప్రభుత్వ బడి పంతులు, నేపాల్‌లో ఎవరో చదువుకునే అమ్మాయి. ఎందుకు మూస్తున్నారని ఒకరు, మీరెవరని ఒకరు. ఆమె ఒక్కొక్కరికి కూర్చుని జవాబు రాసింది, తనకొచ్చిన ఇంగ్లీషులో, తన పేరుతో. చిన్నరాములు మాత్రం రాయలేదు, బండేసుకుని స్వయంగా వచ్చాడు. కణతల దగ్గర జుట్టు నెరిసిన మనిషి. హెల్మెట్ చంకలో పెట్టుకుని, చెప్పులు బయట విడిచి, ఆ ఏసీ గదిలో సర్వర్ ముందు గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఇదేనా, ఇంత చిన్నదా అన్నాడు. దాని మీద పండగనాటి కుంకుమ ఇంకా ఉంది. చాయ తాగి, వేరే మిర్రర్ల అడ్రసులు రాయించుకుని, ఎప్పుడన్నా గుమ్మడిదల వస్తే ఇంటికి రమ్మని, మా ఆడమనిషి కూడా ఉంటదని చెప్పి వెళ్లాడు. ఆమె సరే అంది. మేడం అనడం మానేసి పోయేటప్పుడు అక్కా అన్నాడు.

ఆఖరి రోజు సాయంత్రం యాదన్న పనిముట్ల సంచితో వచ్చాడు. కింద ట్రాలీ ఆటో ఆగి ఉంది. లైన్ తీసే కుర్రాడు రేపు వస్తాడు, ఈ పూటకు సర్వర్ ఆపి, వైర్లు విప్పి, సామాను దించితే చాలు. యాదన్న మెయిన్ మీద చెయ్యి వేసి ఆమె వైపు చూశాడు. ధనలక్ష్మి ఒక్క నిమిషం ఆగమంది. తెర మీద ఇంకా ఎవరో ఏదో దింపుకుంటున్నారు. సగంలో తెంపేస్తే వాళ్లకు మొత్తం పాడవుతుంది, అది అయిపోగానే ఆపుదామంది. యాదన్న సరేనని చెయ్యి తీశాడు.

అది అయిపోయేలోపు ఇంకోటి మొదలైంది. నేపాల్ వైపు నుంచి. సరే, అది చిన్నదే, అయిపోనీ అంది. అది సగానికి రాగానే ఇంకో రెండు. కొత్తవాళ్లను లోపలికి రానీయకుండా చేసే ఉపాయం ఆమెకు తెలుసు, ఒక్క వరస టైపు చేస్తే చాలు. టైపు చేసింది కూడా. ఎంటర్ మీద వేలు పెట్టి, నొక్కలేక, ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. ఒకరు వెళ్తున్నారు, ఇంకొకరు వస్తున్నారు. ఒక్కరూ లేకుండా ఆ తెర ఖాళీ అవుతుందేమోనని ఆమె కళ్లార్పకుండా చూస్తూనే ఉంది. కాలేదు.

కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. యాదన్నకు ఏమీ అర్థం కాలేదు. గదంతా కలయజూశాడు, గుమ్మం అవతల వరండా కూడా చూశాడు.

“ఇంక ఎవరి కోసమమ్మా? ఈడ నువ్వూ నేనే గదా ఉన్నది.”

ధనలక్ష్మి తెర మీంచి చూపు తిప్పలేదు.

“జెర ఆగన్నా,” అంది. “లోపట మనుషులున్నరు.”

యాదన్న ఇంకేం అడగకుండా స్టూలు లాక్కుని గోడవారన కూర్చున్నాడు.